లినక్సులో వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్లు

వైర్‌లెస్ గేమ్ కంట్రోలరు అనగా తీగ లేకుండా, రేడియో తరంగాల ద్వారా ఆటగాని ఆదేశాలను కంప్యూటరుకు గాని, వీడియో ఆటల యంత్రానికి గాని చేరవేసే చేతి పరికరం. సాధారణంగా దీనికి బొటనవేళ్ళతో కదిపే రెండు స్టిక్కులు, ఒక దిక్కుల మీట, పది పన్నెండు ఇతర మీటలు ఉంటాయి. లినక్సు ఆపరేటింగు సిస్టముతో నడిచే కంప్యూటర్లలో ఇటువంటి కంట్రోలర్లను చాలావరకు అదనపు సాఫ్టువేరు స్థాపించకుండానే వాడుకోవచ్చు. పని చేయనప్పుడు కారణం సాధారణంగా నాలుగింటిలో ఒకటై ఉంటుంది: రేడియో సంబంధం, కెర్నలులోని డ్రైవరు, వాడుకరికి ఉన్న అనుమతి, ఆటలోని మీటల అమరిక. ఇవి ఒక గొలుసులోని నాలుగు లంకెల వంటివి. ఏ లంకె తెగిందో తెలియక ముందే కంట్రోలరు పాడైనదని తీర్మానించి వేరొకటి కొనడం తరచుగా జరిగే పొరపాటు.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు, ఫైళ్ళ పేర్లు ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. కంప్యూటరులో టైపు చేసేటప్పుడు ఆదేశాలను చిన్న ఆంగ్ల అక్షరాలతో వ్రాయాలి.

చరిత్ర

తీగ లేని ఆట పరికరాలు 1980లలోనే ఉన్నాయి. అటారీ సంస్థ 1983లో రేడియోతో పనిచేసే జాయ్‌స్టిక్కులను అమ్మింది. నింటెండో సంస్థ 2002లో గేమ్‌క్యూబ్ కోసం విడుదల చేసిన వేవ్‌బర్డ్ కంట్రోలరు తీగ ఉన్నదానికి తీసిపోని రీతిలో పనిచేసి పేరు తెచ్చుకుంది. 2005లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360, 2006లో సోనీ వారి ప్లేస్టేషన్ 3, నింటెండో వారి వీ వెలువడిన తరువాత వైర్‌లెస్ కంట్రోలరు సర్వసాధారణమైంది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్సు కెర్నలుకు జాయ్‌స్టిక్కుల మద్దతు 1990లలోనే చేరింది. చెక్ దేశస్థుడు వోయ్‌తెక్ పావ్లిక్ వ్రాసిన జాయ్‌స్టిక్కు డ్రైవరు, ఆ తరువాత ఆయనే రూపొందించిన ఇన్‌పుట్ ఉపవ్యవస్థ దీనికి పునాదులు. కీబోర్డు, మౌసు, జాయ్‌స్టిక్కు అన్నిటినీ ఒకే పద్ధతిలో చూడడం ఇన్‌పుట్ ఉపవ్యవస్థ ప్రత్యేకత. 2001 జనవరిలో విడుదలైన 2.4 కెర్నలులో ఈ ఏర్పాటు ఉంది. అదే సంవత్సరం బ్లూజెడ్ అనే బ్లూటూత్ సాఫ్టువేరు కూడా కెర్నలులో చేరింది. నేటికీ లినక్సులో బ్లూటూత్ పరికరాలను నడిపేది బ్లూజెడ్.

కంట్రోలర్ల తయారీదారులు చాలాకాలం పాటు లినక్సుకు డ్రైవర్లు ఇవ్వలేదు. ఔత్సాహికులు పరికరం పంపే సమాచారాన్ని గమనించి, దాని భాషను తామే అర్థం చేసుకొని డ్రైవర్లు వ్రాశారు. ఈ పరిస్థితి క్రమంగా మారింది. 2013 ఫిబ్రవరిలో వాల్వ్ సంస్థ స్టీమ్ అనే ఆటల వేదికను లినక్సుకు తెచ్చింది. విండోసు ఆటలను లినక్సులో నడిపే ప్రోటాన్‌ను 2018 ఆగస్టులో, లినక్సుతో పనిచేసే స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. 2021లో సోనీ సంస్థ తానే స్వయంగా ఒక డ్రైవరును కెర్నలుకు అందించింది.

రేడియో సంబంధం

వైర్‌లెస్ కంట్రోలర్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తాయి. భారతదేశంలో 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని తక్కువ శక్తి గల పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు 2005లో ప్రభుత్వం అనుమతించింది. ఈ కంట్రోలర్లు రెండు రకాలు.

బ్లూటూత్ కంట్రోలర్లు: ప్లేస్టేషన్ 3 మొదలుకొని వచ్చిన ప్లేస్టేషన్ కంట్రోలర్లు, వీ, స్విచ్ కంట్రోలర్లు, 2016 నుండి వచ్చిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు ఈ కోవలోనివి. కంప్యూటరులో బ్లూటూత్ ఉంటే వేరే పరికరం అవసరం లేదు. సాంప్రదాయిక బ్లూటూత్ ఈ పట్టీని 79 మార్గాలుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒక మార్గం నుండి మరొక మార్గానికి మారుతూ ఉంటుంది. అందువలన ఒక మార్గంలో అలజడి ఉన్నా సంబంధం తెగదు.

సొంత రిసీవరుతో వచ్చే కంట్రోలర్లు: వీటితోపాటు యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవరు వస్తుంది. తక్కువ ధరకు దొరికే కంట్రోలర్లు చాలావరకు ఇటువంటివే. ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కంట్రోలరు కూడా ఈ కోవకే చెందుతుంది; దానిలో బ్లూటూత్ లేదు. దానికి అమ్మే చార్జింగు తీగ బ్యాటరీని నింపుతుందే గాని మీటల సమాచారాన్ని పంపదు. కనుక తీగ గుచ్చినా కంప్యూటరు ఆ కంట్రోలరును గుర్తించదు. దానికి ప్రత్యేక రిసీవరు తప్పనిసరి. ఒక్క రిసీవరుతో నాలుగు కంట్రోలర్ల వరకు వాడవచ్చు.

వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే పట్టీని పంచుకుంటాయి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే కంట్రోలరుకు అలజడి తగ్గుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులు, తీగలు కూడా 2.4 గిగాహెర్ట్జ్ పరిసరాలలో రేడియో అలజడిని వెదజల్లుతాయని ఇంటెల్ సంస్థ 2012లో ప్రకటించింది. రిసీవరును యూఎస్‌బీ 3 హార్డుడిస్కు పక్కన గుచ్చినప్పుడు మీటలు ఆలస్యంగా స్పందించడానికి ఇది ఒక కారణం. రిసీవరును యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చడం గాని, పొడిగింపు తీగతో దానిని పెట్టెకు దూరంగా ఉంచడం గాని దీనికి పరిష్కారం.

కెర్నలు డ్రైవర్లు

రేడియో ద్వారా అందిన సమాచారంలో ఏ అంకె ఏ మీటకు చెందినదో డ్రైవరు విడమరచి చెబుతుంది. లినక్సులో డ్రైవర్లు కెర్నలుతో కలిసే వస్తాయి. కాబట్టి కంట్రోలరు కన్నా కెర్నలు పాతదైతే ఆ కంట్రోలరు గుర్తింపబడకపోవచ్చు, లేదా పాక్షికంగా పనిచేయవచ్చు. ముఖ్యమైన డ్రైవర్లు ఇవి:

- ఎక్స్‌ప్యాడ్: మొదటి ఎక్స్‌బాక్స్ కాలం నుండి ఉన్న డ్రైవరు. ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ రిసీవరు, తీగతో కలిపిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు, వాటిని అనుకరించే ఇతర సంస్థల కంట్రోలర్లు దీనితో నడుస్తాయి.
- హిడ్-వీమోట్: వీ రిమోట్‌కు సంబంధించినది. 2011 అక్టోబరులో విడుదలైన 3.1 కెర్నలులో చేరింది.
- హిడ్-స్టీమ్: వాల్వ్ వారి స్టీమ్ కంట్రోలరు కోసం 2018 ఆగస్టులో విడుదలైన 4.18 కెర్నలులో చేరింది.
- హిడ్-సోనీ: ప్లేస్టేషన్ 3, ప్లేస్టేషన్ 4 కంట్రోలర్లకు ఔత్సాహికులు అభివృద్ధి చేసిన డ్రైవరు.
- హిడ్-ప్లేస్టేషన్: సోనీ వ్రాసిన డ్రైవరు. 2021 ఏప్రిల్‌లో విడుదలైన 5.12 కెర్నలులో ప్లేస్టేషన్ 5 వారి డ్యుయల్‌సెన్స్ కోసం చేరింది. 2023 ఫిబ్రవరిలో విడుదలైన 6.2 నుండి ప్లేస్టేషన్ 4 వారి డ్యుయల్‌షాక్ 4 కూడా దీని పరిధిలోకి వచ్చింది.
- హిడ్-నింటెండో: స్విచ్ ప్రో కంట్రోలరు, జాయ్-కాన్‌ల కోసం 2022 జనవరిలో విడుదలైన 5.16 కెర్నలులో చేరింది.

పై సంవత్సరాల ఉపయోగం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 2021లో వచ్చిన డెబియన్ 11లో 5.10 కెర్నలు ఉంది. అందులో డ్యుయల్‌సెన్స్‌కు గాని, స్విచ్ కంట్రోలర్లకు గాని ప్రత్యేక డ్రైవరు లేదు. 2022లో వచ్చిన ఉబుంటు 22.04 మొదటి విడుదలలోని 5.15 కెర్నలు డ్యుయల్‌సెన్స్‌కు సరిపోతుంది; స్విచ్ కంట్రోలర్లకు ఒక్క అంకె తక్కువ. 2023లో వచ్చిన డెబియన్ 12 లోని 6.1 కెర్నలు రెండింటి కన్నా కొత్తది. తన కంప్యూటరులోని కెర్నలు సంఖ్యను తెలుసుకోవడానికి "యూనేమ్" ఆదేశం పక్కన అడ్డగీత, "ఆర్" అక్షరం చేర్చి ఇవ్వాలి.

బ్లూటూత్ ద్వారా కలిపే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకు ఎక్స్‌ప్యాడ్ వర్తించదు. కంపనం, బ్యాటరీ వివరాలు మొదలైనవి పూర్తిగా కావాలంటే కెర్నలు వెలుపల అభివృద్ధి చేయబడుతున్న ఎక్స్‌ప్యాడ్‌నియో డ్రైవరును స్థాపించుకోవాలి. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వన్ వైర్‌లెస్ రిసీవరుకు ఎక్స్‌వన్ అనే మరొక డ్రైవరు ఉంది. ఆ రిసీవరులో నింపవలసిన ఫర్మ్‌వేరును ఇతరులు పంచిపెట్టేందుకు అనుమతి లేదు. అందుచేత వాడుకరి దానిని వేరుగా దింపుకోవాలి.

జత చేయు విధానం

బ్లూటూత్ కంట్రోలరును మొదటిసారి కంప్యూటరుకు పరిచయం చేయడాన్ని జత చేయడం అంటారు. ముందుగా కంట్రోలరును జత చేసే స్థితిలో ఉంచాలి.

- డ్యుయల్‌షాక్ 4, డ్యుయల్‌సెన్స్: షేర్ లేదా క్రియేట్ మీటను, మధ్యనున్న ప్లేస్టేషన్ మీటను కలిపి దీపం వేగంగా మిణుకుమనే వరకు నొక్కి పట్టాలి.
- ఎక్స్‌బాక్స్: కంట్రోలరును వెలిగించి, పై అంచున ఉన్న చిన్న జత మీటను నొక్కి పట్టాలి.
- స్విచ్ ప్రో: యూఎస్‌బీ రంధ్రం పక్కన ఉన్న చిన్న సింక్ మీటను నొక్కి పట్టాలి.
- వీ రిమోట్: 1, 2 మీటలను ఒకేసారి నొక్కాలి, లేదా బ్యాటరీల వద్ద ఉన్న ఎర్ర మీటను నొక్కాలి.

తరువాత గ్నోమ్, కేడీఈ వంటి డెస్కుటాపులలోని బ్లూటూత్ అమరికల నుండి పరికరాన్ని ఎంచుకోవాలి. అక్కడ విఫలమైతే టెర్మినలులో "బ్లూటూత్‌సీటీఎల్" ఆదేశాన్ని నడపాలి. అందులో వరుసగా "పవర్ ఆన్", "స్కాన్ ఆన్" ఇస్తే చుట్టుపక్కల పరికరాల పేర్లు, చిరునామాలు కనిపిస్తాయి. కంట్రోలరు చిరునామాతో "పెయిర్", "ట్రస్ట్", "కనెక్ట్" అనే మూడు ఆదేశాలు ఇవ్వాలి. వీటిలో "ట్రస్ట్" ముఖ్యమైనది. దానిని వదిలివేస్తే ఆ రోజు కంట్రోలరు పనిచేసినా, మరునాడు వెలిగించినప్పుడు తనంతట తాను కలవకపోవచ్చు.

ప్లేస్టేషన్ 3 కంట్రోలరు మామూలు పద్ధతిలో జతపడదు. దానిని ముందు యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలపాలి. బ్లూజెడ్ కంప్యూటరు చిరునామాను కంట్రోలరులో వ్రాసి, వాడుకరిని అనుమతి అడుగుతుంది. అనుమతి ఇచ్చి తీగ తీసివేసి, ప్లేస్టేషన్ మీట నొక్కితే కంట్రోలరు రేడియో ద్వారా కలుస్తుంది.

ఈ తరహా కంట్రోలర్లు చాలావరకు ఒక సమయంలో ఒక్క యంత్రాన్నే గుర్తుంచుకుంటాయి. కంట్రోలరును మళ్ళీ ఆటల యంత్రానికి జత చేస్తే కంప్యూటరుతో ఉన్న జత చెరిగిపోతుంది. అప్పుడు కంప్యూటరులోని పాత నమోదును "రిమూవ్" ఆదేశంతో తొలగించి, మొదటినుండి జత చేయాలి.

పరీక్షించడం

కంట్రోలరు గుర్తింపబడితే డెవ్ అనే డైరెక్టరీలోని ఇన్‌పుట్ అనే ఉపడైరెక్టరీలో దానికి రెండు రకాల ఫైళ్ళు ఏర్పడతాయి. "జేఎస్" అనే పేరుతో, 0 నుండి మొదలయ్యే అంకెతో ఉన్నది పాత పద్ధతికి చెందినది. "ఈవెంట్" అనే పేరుతో ఉన్నది కొత్త పద్ధతికి చెందినది. నేటి ఆటలు ఎక్కువగా రెండవదానినే చదువుతాయి. మొదటిదానిని "జేఎస్‌టెస్ట్" ఆదేశంతో, రెండవదానిని "ఈవీటెస్ట్" ఆదేశంతో పరీక్షించవచ్చు. మీట నొక్కినప్పుడు తెరపై అంకెలు మారితే మొదటి రెండు లంకెలు, అనగా రేడియో, డ్రైవరు, సక్రమంగా ఉన్నట్లే. ఇక లోపాన్ని అనుమతులలోను, ఆటలోను వెదకాలి.

స్టిక్కును సరిదిద్దేందుకు "జేఎస్‌కాల్" వాడమనే సలహా తరచుగా వినబడుతుంది. ఈ ఆదేశం ప్రభావం పాత పద్ధతి ఫైలుకే పరిమితం. కొత్త పద్ధతిలో చదివే ఆటలో దానివలన మార్పు ఉండదు.

డ్యుయల్‌షాక్ 4, డ్యుయల్‌సెన్స్ ఒక్కొక్కటి మూడు పరికరాలుగా కనిపిస్తాయి: మీటల భాగం, తాకుడు పలక, కదలికలను కొలిచే భాగం. పాత ఆటలు కొన్ని పొరపాటున కదలికల భాగాన్నే కంట్రోలరుగా ఎంచుకుంటాయి. కంట్రోలరును కొద్దిగా వంచగానే ఆటలోని పాత్ర తనంతట తాను నడవసాగితే కారణం ఇదే కావచ్చు.

అనుమతులు

లినక్సులో పరికరాల ఫైళ్ళను ఎవరు చదవవచ్చో యూడెవ్ అనే వ్యవస్థ నిర్ణయిస్తుంది. కంప్యూటరు ముందు కూర్చొని లాగిన్ అయిన వాడుకరికి జాయ్‌స్టిక్కులను చదివే అనుమతి నేటి పంపిణీలలో తనంతట తానే లభిస్తుంది. అయితే స్టీమ్ వంటి ప్రోగ్రాములు కొన్ని కంట్రోలర్లతో నేరుగా మాట్లాడవలసి ఉంటుంది. అందుకు కావలసిన నియమాలు డెబియన్, ఉబుంటులలో స్టీమ్-డివైసెస్ అనే ప్యాకేజీలో లభిస్తాయి. ఫ్లాట్‌ప్యాక్ ద్వారా స్టీమ్ స్థాపించుకున్నవారు కూడా ఈ నియమాలను అసలు సిస్టములో వేరుగా చేర్చుకోవాలి.

వాడుకరిని "ఇన్‌పుట్" అనే సమూహంలో చేర్చడం మరొక మార్గంగా సూచించబడుతూ ఉంటుంది. దీనివలన కంట్రోలరు పనిచేసినా, ఆ వాడుకరి నడిపే ప్రతి ప్రోగ్రాముకు కీబోర్డుపై నొక్కే ప్రతి అక్షరాన్ని చదివే వీలు కలుగుతుంది. సంకేతపదాలు కూడా ఇందులో భాగమే. కనుక యూడెవ్ నియమాలే శ్రేయస్కరం.

ఆటలలో మీటల అమరిక

డ్రైవరు మీటలకు గుర్తులు ఇచ్చినా, అన్ని కంట్రోలర్లలో వాటి క్రమం ఒక్కటి కాదు. ఎస్‌డీఎల్ అనే ప్రోగ్రామింగు గ్రంథాలయం ఈ తేడాను తొలగిస్తుంది. శామ్ లాంటింగా 1998లో ప్రారంభించిన ఈ గ్రంథాలయాన్ని లినక్సు ఆటలలో అధికభాగం వాడుకుంటాయి. 2013 ఆగస్టులో విడుదలైన దాని 2.0 కూర్పు అన్ని కంట్రోలర్లనూ ఎక్స్‌బాక్స్ తరహా అమరికకు మార్చి ఆటకు చూపుతుంది. ఏ కంట్రోలరుకు ఏ మార్పిడి వర్తిస్తుందో తెలిపే పట్టికకు వాడుకరులే కొత్త వరుసలను సమకూరుస్తూ ఉంటారు. పట్టికలో లేని కంట్రోలరుకు వాడుకరి స్వయంగా ఒక వరుస వ్రాసుకోవచ్చు.

స్టీమ్‌లో ఇటువంటి మార్పిడికి స్టీమ్ ఇన్‌పుట్ అనే సొంత ఏర్పాటు ఉంది. విండోసు ఆటలు ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలరును మాత్రమే గుర్తించే సందర్భాలలో ఇది ఉపయోగపడుతుంది. ఆట తానుగా ఒకసారి, స్టీమ్ ద్వారా మరొకసారి కంట్రోలరును చదివితే ఒక్క నొక్కుడు రెండుగా నమోదవుతుంది. అప్పుడు ఆ ఆటకు స్టీమ్ ఇన్‌పుట్‌ను నిలిపివేయాలి.

సాధారణ సమస్యలు

- బ్లూటూత్ అసలే కనిపించకపోవడం: ల్యాప్‌టాపులో రేడియో మీట ఆపివేయబడి ఉండవచ్చు. "ఆర్ఎఫ్‌కిల్" ఆదేశంతో చూసి, నిరోధం ఉంటే తొలగించాలి.
- చవక బ్లూటూత్ డాంగిల్: కేంబ్రిడ్జి సిలికాన్ రేడియో సంస్థ చిప్పును అనుకరించే నకిలీ డాంగిళ్ళు విపణిలో విస్తారంగా ఉన్నాయి. అవి తాము చేయలేని పనులను చేయగలమని కంప్యూటరుకు చెబుతాయి. కొత్త కెర్నళ్ళలో వీటికోసం ప్రత్యేక సర్దుబాట్లు చేర్చబడ్డాయి. అయినా కొన్ని పనిచేయవు.
- రిసీవరు ఉన్న కంట్రోలరులో మీటలు తారుమారు కావడం: ఇటువంటి వాటిలో ఎక్స్-ఇన్‌పుట్, డీ-ఇన్‌పుట్ అనే రెండు స్థితులు ఉండవచ్చు. మధ్య మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టడం ద్వారా గాని, వెనుక ఉన్న స్విచ్చు ద్వారా గాని స్థితి మారుతుంది. ఎక్స్-ఇన్‌పుట్ స్థితిలో ఉంచితే ఎక్స్‌ప్యాడ్ డ్రైవరు దానిని ఎక్స్‌బాక్స్ కంట్రోలరుగా భావించి నడుపుతుంది.
- ఎక్స్‌బాక్స్ కంట్రోలరు కలుస్తూ తెగుతూ ఉండడం: పాత ఫర్మ్‌వేరు గల కంట్రోలర్లకు బ్లూటూత్‌లోని ఈఆర్‌టీఎమ్ అనే పునఃప్రసార పద్ధతిని నిలిపివేయవలసి వచ్చేది. 2021లో వెలువడిన ఫర్మ్‌వేరుతో ఎక్స్‌బాక్స్ వన్ కాలపు బ్లూటూత్ కంట్రోలర్లు తక్కువ శక్తి బ్లూటూత్‌కు మారాయి.

భద్రత

2023 డిసెంబరులో మార్క్ న్యూలిన్ అనే పరిశోధకుడు బ్లూటూత్‌లోని ఒక లోపాన్ని బయటపెట్టాడు. సమీపంలో ఉన్న దుండగుడు కీబోర్డుగా నటించి, వాడుకరి అంగీకారం లేకుండా కంప్యూటరుకు అక్షరాలు పంపగలడని దీనివలన తేలింది. ఈ లోపం లినక్సుతోపాటు ఇతర సిస్టములలోనూ ఉంది. దీనిని సరిదిద్దుతూ బ్లూజెడ్, పూర్తిగా జతపడిన పరికరాలనుండి మాత్రమే సమాచారం స్వీకరించేలా మార్చబడింది. ఆ నవీకరణ తరువాత ప్లేస్టేషన్ 3 కంట్రోలరు వంటి పాత పరికరాలు కలవకుండా పోయాయి. క్లాసిక్‌బాండెడ్‌ఓన్లీ అనే అమరికను మార్చితే అవి కలుస్తాయి. కాని తొలగిన ప్రమాదం కూడా తిరిగి వస్తుంది. బహిరంగ ప్రదేశాలలో వాడే ల్యాప్‌టాపులో ఈ మార్పు చేయరాదు. అటువంటి కంట్రోలరును యూఎస్‌బీ తీగతో వాడుకోవడం సురక్షితం.

తెలుగునాట లినక్సు

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థ తెలుగు వాడుకరుల కోసం లినక్సు పంపిణీని రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీ-డ్యాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్సు కూడా తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పనిచేస్తుంది. ఈ రెండూ డెబియన్ ఆధారంగా తయారైనవి. కాబట్టి డెబియన్‌కు వర్తించే ప్యాకేజీలు, ఆదేశాలు వీటిలోనూ వర్తిస్తాయి. డెబియన్ స్థిరత్వానికి ప్రాధాన్యమిస్తుంది గనుక కెర్నలు కొంత పాతదిగా ఉండడం కూడా వీటికి సహజం. కంట్రోలరు కొనేముందు కెర్నలు సంఖ్యను సరిచూసుకోవడం మేలు.

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం వంటి పట్టణాలలో, పెద్ద నగరాల అంగళ్ళకు దూరంగా ఉండే వాడుకరులకు ఈ పరిశీలన మరింత అవసరం. నకిలీ డాంగిలు కారణమని తెలిస్తే కంట్రోలరును మార్చనక్కరలేదు. కెర్నలు కారణమైతే ఏదీ కొననక్కరలేదు, సిస్టమును నవీకరిస్తే చాలు. తయారీదారు అమ్మకం మానివేసిన పరికరాలు కూడా డ్రైవరు కెర్నలులో ఉన్నంతకాలం పనికివస్తాయి. స్టీమ్ కంట్రోలరు అమ్మకం 2019లో నిలిచిపోయినా, దాని డ్రైవరు తరువాతి కెర్నళ్ళలోనూ కొనసాగింది.

ఇవి కూడా చూడండి

- లినక్సు
- బ్లూటూత్
- డెబియన్
- యూఎస్‌బీ
- స్వేచ్ఛా సాఫ్టువేరు